అరవై రెండో వస్తువు

మూడు రోజులుగా నా టేపు రెండో కొస
ఢిల్లీ నుంచొచ్చిన ఆఫీసరు చేతిలో ఉంది.
ఒంగోలు గద్దలగుంట మూడో అడ్డరోడ్డు నాకు కొత్త కాదు.
నాలుగేళ్ల కిందట ఇదే వీధిని కొలిచాను,
ఎవరి మెట్లు కాలవ మీదికొచ్చాయో రాయడానికి.
అప్పుడు తిట్టారు.
ఇప్పుడు అడక్కుండానే మంచినీళ్లిస్తున్నారు.

తోక రేకు: రిటైర్డు టీచరుగారి డాబా మీద,
నీళ్ల ట్యాంకుకు తూర్పుగా నాలుగు మీటర్ల ఇరవై.
తలుపు: స్కూలు గోడకు ఆనుకుని,
ఎవరో నిలబెట్టి పోయినట్టు. గొళ్లెం వేసే ఉంది.
రెక్క కొస: వేపచెట్టు పంగలో. కాకులింకా ఆ కొమ్మకు రావడం లేదు.

"శబ్దం ఎలా ఉందో అడుగు" అంటాడాయన.
కుట్టుమిషను ముందు నుంచి లేవకుండానే మస్తాన్ బీ చెబుతుంది:
"దారం చుట్టుకుంటే బాబిన్ కొట్టుకోదా, అట్టా."
గ్రానైటు లారీ క్లీనరు నోటితో చేసి చూపిస్తాడు,
చేస్తూ చేస్తూ మధ్యలో మానేస్తాడు.
పొగాకు కంపెనీలో రాత్రి కాపలా కాసి పగలు పడుకునే చెంచయ్య
"శబ్దానికి నేన్లేవలా సార్,
అది ఆగినందుకు మెలకువొచ్చింది" అన్నాడు.
ఆఫీసరు ఆ మాట కింద రెండు గీతలు గీశాడు.

పైన ముగ్గురు. కింద ఒకరు.
పైవాళ్ల ఫొటోలు తెల్లారే పేపర్లో వచ్చాయి.
కిందామె మొదటిరోజు "ఒక మహిళ",
రెండోరోజు "ఇస్త్రీ బండి మహిళ",
మూడోరోజుకి అంకమ్మ.
వయసు మూడు పేపర్లలో మూడు రకాలు.

స్కూలు కబడ్డీ కోర్టులో
సుద్దతో హెలికాప్టరు బొమ్మ గీశారు.
దొరికిన ముక్కను దొరికినట్టే దాని చోట పెడుతున్నాం.
అరవై రెండు ఎక్కడా కుదరలేదు.
ఇత్తడి. నాలుగు కిలోల ఎనిమిది వందలు.
ఒక పక్క కరిగి, మూత బిగుసుకుపోయి.
కుర్ర ఇంజనీరు ఒక సాయంత్రమంతా
కంపెనీ పుస్తకం తిరగేశాడు, దాని బొమ్మ కోసం.
గేరుబాక్సు పక్కన పెట్టాడు, తీశాడు,
ఇంధనం ట్యాంకు పక్కన పెట్టాడు.
రోజూ ఇస్త్రీ చొక్కా తొడుక్కునే నేనూ
గుర్తుపట్టలేదు.

పన్నెండో రోజు పొద్దున
తాడుకు అవతల నిలబడ్డాడు మాలకొండయ్య.
గుండు మీద ఇంకా వెంట్రుక మొలవలేదు.
"అయ్యా, ఆ మూలనుండేది మాదండి."

ఎలా తెలుసో అడగమన్నాడు ఆఫీసరు.
"పిడికి తుమ్మచెక్క నేనే ఏశా, ఆమె చెయ్యి కాలతందని.
రెండో పక్క మర దొరక్క
సైకిలు నట్టు బిగించా."
చెక్క లేదు. బూడిద కూడా లేదు.
ఆఫీసరు భూతద్దం పెట్టి చూశాడు.
సైకిలు నట్టు.
చాలాసేపు అద్దం దించలేదు.

సుత్తితో తట్టి తట్టి మూత తెరిచాం.
లోపల రెండు బొగ్గులు,
అంత మంటలోనూ సగమే కాలినవి.

సంతకం రాదన్నాడు, వేలిముద్ర తీసుకున్నాను.
పెట్టెను తువ్వాల్లో చుట్టుకుంటూ, నన్నే అడిగాడు,
"ఆ పూట ముప్పై జతలకు పైనే ఉండె సార్ మూటలో.
ఎవురెవురియ్యో ఆమెకే తెలుసు.
ఇప్పుడు ఎవురికి ఏం చెప్పాల?"
కారణాలు వెతికే పనిలో ఉన్నాం మేం.
ఇది మా పరిధిలోకి రాదు.

నంబర్లు మార్చొద్దన్నారు.
జాబితాలో అరవై ఒకటి తర్వాత అరవై మూడు.
ఏడాదికి రిపోర్టు వస్తుందట,
తేలితే, ఏదో వేలెడంత బోల్టు పేరు.

టేపు చుడుతుంటే వెనక్కొచ్చి అడిగాడు,
కరెంటు స్తంభం మొదట్లో నేను కొట్టిన మేకు ఏందని.
"సున్నా. దూరాలన్నీ ఇక్కణ్నుంచే కొలిచాం."
అతను మేకును చూశాడు.
పక్కనే, చక్రం దొర్లకుండా అడ్డం పెట్టే రాయి.
"ఆడే గదా బండి పెట్టేది" అన్నాడు.

టేపు చుట్టేశాను.
మేకు పీకలేదు.